‘ది ట్రయల్’ నవలలో కె. పిలవని కోర్టుకు ఎందుకు వెళ్తాడు?

అమలాపురం పాఠకురాలు:
ఫ్రాంజ్ కాఫ్కా రాసిన ‘ది ట్రయల్’ చదవడం నిన్ననే పూర్తయింది. అందరూ దీన్ని పీడకల అంటారు గాని, నాకు కొరుకుడు పడనిది ఒక చిన్న విషయం. బ్యాంకులో పెద్ద ఉద్యోగి అయిన యోసెఫ్ కె.ను 30వ పుట్టినరోజు ఉదయాన అరెస్టు చేస్తారు. అయినా బేడీలు వేయరు, ఉద్యోగానికి వెళ్లవద్దని కూడా అనరు. ఆదివారం విచారణ ఉందని ఫోన్‌లో చెబుతారు. ఎన్ని గంటలకో వారు చెప్పరు, ఇతడూ అడగడు. తొమ్మిదింటికని తానే నిర్ణయించుకుని, పేదవాళ్లుండే పెద్ద ఇంట్లో మెట్లెక్కుతూ, లాంట్స్ అనే వడ్రంగి ఉన్నాడా అని గడప గడపకూ అబద్ధపు ఆరా తీస్తాడు. తొట్టిలో పిల్లల బట్టలు ఉతుకుతున్న ఒక స్త్రీ తడి చేత్తోనే పక్క గది చూపిస్తుంది; అదే కోర్టు. గంటా ఐదు నిమిషాలు ఆలస్యమైందని అక్కడ అతణ్ణి మందలిస్తారు. మరుసటి ఆదివారం ఎవరూ పిలవకపోయినా మళ్లీ వెళ్తాడు. వెళ్లకపోతే ఏమయ్యేది?

రాజోలు పాఠకుడు:
అమ్మా, నేను వకీలు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చిత్రకారుడు టిటోరెల్లి కె.కు మూడు మార్గాలు చెబుతాడు గదా: ఎవరికీ దక్కినట్టు దాఖలా లేని అసలైన విడుదల, ఈ రోజు వదిలి ఇంటికి చేరేసరికి మళ్లీ పట్టుకోగల పైపై విడుదల, ఎప్పటికప్పుడు అధికారులను కలుస్తూ కేసును మొదటి మెట్టు దాటకుండా సాగదీయడం. మూడోదాన్ని మేము ‘వాయిదా’ అంటాము. లంక భూమి దావా ఒకటి మా దగ్గర ఏళ్ల తరబడి నడిచింది. వకీలు గారు హాజరైతే చాలు, మీరు రానక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా, ఆ పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని ప్రతి వాయిదాకూ తొలి బస్సులోనే దిగేవారు. ‘మనం కనబడకపోతే కట్ట అడుక్కి పోద్దండి’ అనేవారు. అప్పటికే ఆ చేను సగానికి పైగా గోదాట్లో కలిసిపోయింది. కాగితంలో మాత్రం ఎకరం 30 సెంట్లూ చెక్కుచెదరలేదు. కె. వెళ్లడం నాకు వింతగా తోచకపోవడానికి కారణం అదే.

పాలకొల్లు పాఠకుడు:
గుమాస్తా గారి అనుభవాన్ని కాదనను గాని, ఈ నవలను మన కచేరీ కష్టాలకు కుదించడం నాకు సమ్మతం కాదు. ఆ రైతుకు సర్వే నంబరు తెలుసు, ప్రతివాది తెలుసు. కె.కు తన మీద మోపిన నేరమేమిటో చివరిదాకా తెలియదు. 1906లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1908 నుంచి 1922 వరకు ప్రాగ్‌లోని కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేసిన కాఫ్కా, అర్జీ పట్టుకుని నిలబడినవాడు కాదు, అర్జీలు చదివినవాడు. ఆ యంత్రాంగాన్ని తిట్టడమే ఉద్దేశమైతే ఆయన ఇంతకంటే తేలికైన పుస్తకం రాసి ఉండేవాడు. చర్చిలో మతగురువు చెప్పే కథలో, చట్టం తలుపు తెరిచే ఉన్నా పల్లెటూరివాడు లోపలికి అడుగుపెట్టడు, వెనక్కూ వెళ్లడు. ఏళ్లు గడిచేసరికి ద్వారపాలకుడి బొచ్చు కాలరులోని పురుగులను కూడా సాయం చేయమని బతిమాలుకుంటాడు. అతణ్ణి అక్కడ ఎవరూ కట్టేయలేదు.

రావులపాలెం పాఠకురాలు:
మొదటి ప్రశ్నకు కాఫ్కాయే దాదాపు జవాబు రాసి పెట్టాడు. 1924లో ఆయన చనిపోయాక, రాతప్రతులన్నీ తగలబెట్టమన్న కోరికను పక్కన పెట్టి, మిత్రుడు మాక్స్ బ్రోడ్ 1925లో ఈ నవలను అచ్చు వేయించాడు. అసంపూర్తిగా మిగిలిన భాగాలు కొన్ని ప్రతుల్లో చివర అనుబంధంగా ఉంటాయి. వాటిలో ఒకదానిలో, వెంటనే రమ్మని ఫోన్ వస్తే, రాకపోతే శిక్షిస్తారా అని కె. అడుగుతాడు. లేదంటారు. అయితే రావడమెందుకని, స్నేహితురాలు ఎల్సా ఇంటికి బండి ఎక్కుతాడు. దారిలో మాత్రం, పరధ్యానంలో బండివాడికి కోర్టు చిరునామాయే చెప్పానేమోనని అనుమానం వచ్చి, ఎల్సా చిరునామా గట్టిగా అరిచి చెబుతాడు.

అమలాపురం పాఠకురాలు:
నా ప్రతిలో ఆ అనుబంధం లేదు, వెతికి చదువుతాను. గుమాస్తా గారూ, ఆ లంక దావా తేలిందా?

రాజోలు పాఠకుడు:
లేదమ్మా. పెద్దాయన పోయాక వారసులను చేర్చమని పిటిషను వేశాము. ఇప్పుడు పెద్దబ్బాయి వస్తున్నాడు, ఆ తొలి బస్సులోనే.