వుర్డె అంటే 'అయ్యాడు' అనా, 'చేశారు' అనా?

పీజీ_నర్సు:
బెంగళూరులో డ్యూటీ దిగి సాయంత్రం జర్మన్ క్లాసుకు వెళ్తున్నా, బీ1 పరీక్ష దగ్గరపడింది. 'డెర్ మాన్ వుర్డె క్రాంక్' అంటే జబ్బుపడ్డాడు అని అర్థమైంది. తర్వాత 'డెర్ మాన్ వుర్డె ఓపెరీర్ట్' వస్తే 'అతను ఆపరేషన్ చేశాడు' అని రాశా. పేషెంటే సర్జన్ అయిపోయాడని క్లాసంతా నవ్వు. అసలు ఈ వుర్డె ఏంటండీ?

మ్యూనిక్_రిటర్న్:
వెర్డెన్ అనే క్రియకు భూతకాలం. వాక్యం చివర చూడండి. క్రాంక్, ఆర్ట్స్ట్ లాంటి మాట ఉంటే 'అయ్యాడు': జబ్బుపడ్డాడు, డాక్టరయ్యాడు. ఓపెరీర్ట్ లాంటి క్రియారూపం ఉంటే ఆ పని ఎవరో చేశారు, అతనికి జరిగింది. 'చేయబడింది' అని బట్టీ పట్టకండి, ఇంట్లో మనం 'ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు' అంటాం కదా, ఎవరు కట్టారో చెప్పకుండా, సరిగ్గా అదే.
వార్‌తో మాత్రం కలపొద్దు. 'డీ ట్యూర్ వుర్డె ఉమ్ త్సేన్ గెష్లొస్సెన్' అంటే పదింటికి తలుపు మూశారు. వుర్డె బదులు వార్ పెడితే పదింటికి తలుపు మూసి ఉంది. పీజీలో ఉండేవాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు :)

రెండు_చుక్కలు:
యు మీద చుక్కలు మర్చిపోకండి. చుక్కలుంటే వ్యుర్డె, అది భూతకాలమే కాదు. 'ఇష్ వ్యుర్డె గెర్న్ కొమ్మెన్' అంటే నాకు రావాలని ఉంది అని మర్యాదగా చెప్పడం. ఆఫీసు మెయిల్లో నేను చుక్కలు లేకుండా పంపితే అవతలివాళ్లు ఫోన్ చేసి మరీ అడిగారు ఏం చెప్పాలనుకున్నావని.

రైన్_అల్లుడు:
రాతలో వుర్డె ఎక్కువ, మాటల్లో, ముఖ్యంగా దక్షిణాన, 'ఇస్ట్ ఓపెరీర్ట్ వొర్డెన్' వింటారు. ఇక్కడ వొర్డెన్ ముందు 'గె' రాదు, జబ్బుపడ్డాడు అనేటప్పుడు మాత్రం 'ఇస్ట్ క్రాంక్ గెవొర్డెన్'. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. పాత జర్మన్ బైబిల్లో వుర్డె బదులు 'వార్ట్' ఉంటుంది, మన 'వెలుగు కలిగెను' దగ్గర చూడండి. ఇప్పుడెవరూ అలా మాట్లాడరు లెండి.

పీజీ_నర్సు:
'మైన్ హాండీ వుర్డె గెష్టోలెన్'. నా ఫోన్ కొట్టేశారు. కరెక్టేనా?

మ్యూనిక్_రిటర్న్:
పర్ఫెక్ట్.

పీజీ_నర్సు:
థాంక్సండీ. వాక్యం కోసం అల్లింది కాదు, మొన్న మెజెస్టిక్‌లో బస్సెక్కుతుంటే నిజంగానే పోయింది.