మొదటి న్యాయవాది: గంటల లెక్కా, గుత్త ఫీజా?

కొత్తదారి: ఇద్దరం కలిసి సాఫ్ట్‌వేర్ సంస్థ పెడుతున్నాం. ఒప్పందాలు రాయడానికి ఒక న్యాయవాది గంటల చొప్పున అడుగుతున్నారు. ఇంకొకరు మొత్తానికి ఒకే ఫీజు అంటున్నారు, అనుభవం తక్కువ. ఎవరిని పెట్టుకోవాలి?

లెక్కలమనిషి: గంటల లెక్క వద్దే వద్దు. గంటను ఆరేసి నిమిషాల ముక్కలు చేసి బిల్లు వేస్తారు. "అందింది, ధన్యవాదాలు" అని నేను పంపిన మెయిల్ చదివినందుకూ ఒక ముక్క పడింది. ఇదేమిటని ఫోను చేస్తే, ఆ ఫోనుకు ఇంకో రెండు!

తీరికరాయుడు: నమూనా పత్రాలు ఉచితంగా దొరుకుతుంటే న్యాయవాది దేనికి? కొత్త సంస్థల్లో పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 2013లోనే సేఫ్ అనే నమూనా పత్రాన్ని అందరి ముందూ పెట్టింది.

నల్లకోటు: సేఫ్ పెట్టుబడి తీసుకునేటప్పటి పత్రం. భాగస్వాముల్లో ఒకరు మధ్యలో వెళ్లిపోతే వాటా ఏమవుతుందో అందులో ఉండదు. వాటా నాలుగేళ్లలో కొద్దికొద్దిగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళితే ఏమీ రాకుండా రాసుకోవడం పరిపాటి. రాసిన కోడ్ హక్కులు సంస్థ పేరుకు మారాలి. డబ్బు ఈ రెండింటి మీద పెట్టండి. గోప్యతా ఒప్పందం లాంటివి నమూనాతో కానివ్వండి. గంటల లెక్కకైనా గరిష్ఠ పరిమితి ముందే రాయించుకోవచ్చు.

లెక్కలమనిషి: మీరూ న్యాయవాదే కదా, మీరు కాక ఇంకెవరు వెనకేసుకొస్తారు?

నల్లకోటు: నేను చేసేది గుత్త ఫీజుకే. పని పరిధి స్పష్టంగా రాసుకోకపోతే అదీ పెరుగుతుంది.

లెక్కలమనిషి: ఆ ఆరు నిమిషాల గురించి మాత్రం ఒక్క మాట లేదు.

తీరికరాయుడు: ధన్యవాదాలు చెప్పడం మానేస్తే సరి.

కొత్తదారి: ఒక సంగతి చెప్పలేదు. గంటల లెక్క అడిగినాయన నా భాగస్వామికి బంధువు. ఫీజు తగ్గిస్తానన్నారు.

నల్లకోటు: ఇది మొదటే చెప్పాలి కదండీ! సంస్థ పెట్టుకున్న న్యాయవాదికి కక్షిదారు సంస్థే, మీరు కాదు. పైగా ఆయన అవతలివారి మనిషి. వాటాల ఒప్పందం ఒక్కటైనా వేరే న్యాయవాదికి చూపించండి.

కొత్తదారి: చూపిస్తే నమ్మకం లేదనుకుంటాడు.

లెక్కలమనిషి: నా నోరు నొక్కేసింది ఆ మాటే. మా పత్రం రాసింది నా భాగస్వామి స్నేహితుడు. నేను బయటికొస్తే నా వాటాను కొన్న ధరకే వెనక్కి తీసుకోవచ్చన్న షరతు అందులో ఉంది. ఉందని ఒక్కరూ చెప్పలేదు.

నల్లకోటు: మరి ఇందాకటి నుంచీ ఆరు నిమిషాల మీద పోట్లాట ఎందుకు?

లెక్కలమనిషి: ఆ బిల్లులు పంపిందీ ఆయనే.

కొత్తదారి: వేరే న్యాయవాదికి ఫీజు సంస్థ ఖాతాలోంచి ఇవ్వవచ్చా?

నల్లకోటు: వద్దు. మీ జేబులోంచే ఇవ్వండి, రసీదు కూడా మీ పేరు మీదే తీసుకోండి.