కొండలు, నదుల కథలు తీసే శ్వేతేతర మహిళా దర్శకులకు ఎలా తోడ్పడాలి?

ప్రశ్న – సియాటిల్ దగ్గర ఉండే సభ్యురాలు

అందరికీ నమస్కారం. సియాటిల్ పరిసరాల్లో ఉండే కొన్ని తెలుగు కుటుంబాలవాళ్లం కలిసి వేసవిలో రెయినియర్ పర్వతం వైపు, కాస్కేడ్ కొండల్లోకి నడకకు వెళ్తుంటాం. 1976లో కెనడాలో మొదలైన బాన్ఫ్ పర్వత చలనచిత్రోత్సవం సినిమాలు మా ప్రాంతంలో ప్రదర్శనకు వచ్చినప్పుడు పిల్లలను తీసుకెళ్లి చూపిస్తాం. అవి చక్కని సినిమాలే. కానీ మేము చూసినంతలో కొండ ఎక్కేవారిలో గానీ, కెమెరా పట్టినవారిలో గానీ మా పిల్లల ఒంటి రంగు ఉన్నవారు తక్కువ. అందులో ఆడవాళ్లు మరీ తక్కువ. నల్లజాతి, ఆదివాసీ, లాటిన్ అమెరికా, ఆసియా మూలాల మహిళలు ఇలాంటి సినిమాలు తీయకపోలేదని, అయితే తీసినవి ప్రేక్షకుల దాకా రావడం లేదని, తలపెట్టినవి డబ్బు చాలక సగంలో ఆగిపోతున్నాయని ఇక్కడి దర్శకురాలు ఒకరు మాతో చెప్పారు. అది విన్నాక మేమంతా తలా కొంత వేసుకుని ఒక చిన్న నిధి కూడబెట్టాం. ఆ సొమ్ముతో ఏటా ఒక పురస్కారం ఇవ్వడం మంచిదా, ఉచిత ప్రదర్శనలు ఏర్పాటు చేయడం మంచిదా, లేక ఎవరైనా ఒక దర్శకురాలికి నేరుగా ఇవ్వడం మంచిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాం. ఈ రంగం తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు – డెన్వర్, డాక్యుమెంటరీ ఎడిటర్

మీ ఆలోచన చదివి ఎంతో సంతోషించాను. నా మట్టుకు నేను పురస్కారం వద్దంటాను. పురస్కారం పూర్తయిన సినిమాకు వస్తుంది; ఈ దర్శకురాళ్లకు డబ్బు అవసరమయ్యేది సినిమా మొదలుకాక ముందు. చలికాలంలో కొండల్లో నాలుగు రోజులు చిత్రీకరించాలంటే కెమెరా కన్నా ముందు మంచు చరియల ప్రమాదం గురించిన శిక్షణ, బీమా, తాళ్లు, గుడారాలు, బరువు మోయడానికి మరో ఇద్దరు మనుషులు కావాలి. చలికి బ్యాటరీలు ఇట్టే దిగిపోతాయి కనుక వాటిని కోటు లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని తిరగాలి, అదనపు జతలూ మోసుకెళ్లాలి. చిన్నప్పటి నుంచి స్కీయింగ్‌కు వెళ్లే ఇంట్లో పుట్టినవారికి ఇందులో సగం ముందే అమరి ఉంటుంది. వలస వచ్చిన కుటుంబంలో తొలిసారిగా కొండల్లోకి అడుగుపెట్టిన అమ్మాయి ప్రతిదీ కొనుక్కోవాలి, ప్రతిదీ నేర్చుకోవాలి.

తీసేది ఎవరన్నది తెర మీద ఎలా తెలుస్తుందో నా పనిలోంచే చెబుతాను. ఎండకు మెరిసే మంచు ముందు నల్లని చర్మం గల మనిషిని నిలబెట్టి కెమెరాను ఆటోమేటిక్‌లో వదిలేస్తే, అది ఆ తెలుపును చూసి వెలుతురు తగ్గించేస్తుంది. ముఖం చీకటి ముద్దగా మారిపోయి కళ్లు కూడా కనిపించవు. అలాంటి ఫుటేజీ నా ముందుకు చాలాసార్లు వచ్చింది. తర్వాత కలర్ గ్రేడింగ్‌లో, అంటే రంగులు, వెలుతురు సరిచేసే దశలో, ఎంత దిద్దినా, అలా పోయిన వివరమంతా తిరిగి రాదు. తన అక్కచెల్లెళ్ల ముఖాలు చూస్తూ పెరిగిన దర్శకురాలు ముందుగా ముఖం స్పష్టంగా కనిపించేలా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) పెట్టుకుంటుంది. వెనుక మంచు కాస్త మరీ తెల్లగా వచ్చినా సరిపెట్టుకుంటుంది. ఆ ముఖంలోని అలసట, ఆనందం ప్రేక్షకుడికి అందేది అప్పుడే.

ఇక డబ్బు ఇచ్చే పద్ధతి. ఇక్కడ ఫిస్కల్ స్పాన్సర్‌షిప్ అనే ఏర్పాటు ఉంది. లాభాపేక్ష లేని సంస్థ ఒకటి సినిమా తరఫున విరాళం స్వీకరించి, నిర్వహణ కింద కొద్ది శాతం మినహాయించుకుని, మిగతాది దర్శకురాలికి అందజేస్తుంది. 1972లో న్యూయార్క్‌లో మొదలైన విమెన్ మేక్ మూవీస్ అనే సంస్థ ఇటువంటి సేవ చేస్తుంది. ఈ దారిలో ఇస్తే పన్ను మినహాయింపుకు వీలుంటుంది. మీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువమంది ఉంటారనుకుంటాను కనుక, ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ తానూ అంతే కలిపే పథకం కింద ఆ సంస్థ వస్తుందేమో కూడా చూసుకోండి. వస్తే మీ నిధి రెట్టింపవుతుంది. వ్యక్తి చేతికి నేరుగా ఇస్తే ఈ సౌకర్యాలేవీ ఉండవు.

ఆలస్యం చేయవద్దని కూడా కోరుతున్నాను. సెంటర్ ఫర్ ఏషియన్ అమెరికన్ మీడియా, బ్లాక్ పబ్లిక్ మీడియా, ఆదివాసీ దర్శకులకు తోడ్పడే విజన్ మేకర్ మీడియా వంటి సంస్థలు ఏళ్ల తరబడి, ప్రజా ప్రసారాలకు ప్రభుత్వ సొమ్ము పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ నిధులపై ఆధారపడుతూ వచ్చాయి. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ ఆ కార్పొరేషన్‌కు రెండేళ్ల కోసం కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆగస్టులో అది తన కార్యకలాపాలు ముగిస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి సమయంలో మీవంటి చిన్న నిధికి మునుపటికన్నా ఎక్కువ విలువ ఉంది.

జవాబు – పోర్ట్‌లాండ్, గ్రంథాలయ ప్రదర్శనల నిర్వాహకురాలు

పై సలహాతో ఏకీభవిస్తూనే ప్రదర్శనల గురించి ఒక మాట. ఇంట్లో చందా కట్టి చూసే సినిమాను హాల్లో నలుగురికీ చూపించడానికి ఆ చందా చాలదు. మీరు టికెట్ పెట్టకపోయినా సరే, బహిరంగ ప్రదర్శన హక్కు విడిగా తీసుకోవాలి. దాని రుసుము దర్శకురాలినో పంపిణీదారునో అడిగి తెలుసుకోండి. ప్రేక్షకులకు ఉచితంగా చూపించండి, సినిమా తీసినవారికి మాత్రం డబ్బు చెల్లించండి. ఉగాది సభకు వంటవారికి, మైకువారికి, హాలు అద్దెకు లెక్కపెట్టి ఇచ్చే మనం సినిమా తీసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి ప్రచారమే ప్రతిఫలం అనడం భావ్యం కాదు. ఆమెను మాట్లాడటానికి పిలిస్తే ప్రయాణ ఖర్చులతో పాటు గౌరవ వేతనం కూడా ఇవ్వండి. నల్లజాతి దర్శకురాలు అవా డువెర్నే 2010లో ప్రారంభించి, తర్వాత అరే అని పేరు మార్చిన పంపిణీ సంస్థ పెద్ద స్టూడియోల అండ లేకుండా, ఊరూరా ఉన్న ప్రేక్షక బృందాల తోడ్పాటుతోనే నల్లజాతి దర్శకుల సినిమాలను హాళ్లకు చేర్చింది. మీ సంఘం కూడా అటువంటి ప్రేక్షక బృందం కాగలదు.

జవాబు – హైదరాబాద్, ఉపాధ్యాయిని

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ శిఖరాన్ని చేరింది. 2017లో ఆ కథ రాహుల్ బోస్ దర్శకత్వంలో హిందీ చిత్రంగా వచ్చింది. అది రావడం మేలే అయింది, మా విద్యార్థినులు ఎంతో ఇష్టంగా చూశారు. అయినా అటువంటి ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి తానే దర్శకురాలై కొండ కథ చెబితే ఏమేమి చూపిస్తుందో చూడాలని నాకు బలంగా ఉంది.

మీరు ఎవరికి సాయం చేసినా, మొట్టమొదటి మహిళ, అడ్డంకులను జయించిన మహిళ అనే కథలే తీయాలని ఆశించకండి. తన ఊరి వాగులో చేపలు తగ్గిపోవడం గురించి ఆమె తీయాలనుకుంటే తీయనివ్వండి. అస్సాంలోని తేజ్‌పూర్‌లో రీటా బెనర్జీ ఆధ్వర్యంలో నడిచే గ్రీన్ హబ్‌లో ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులు ఏడాదిపాటు కెమెరా పని నేర్చుకుని తమ అడవి గురించి, తమ నేల గురించి తీస్తున్నారు. గడువు విషయంలోనూ ఉదారంగా ఉండండి. 2023లో ఆస్కార్ అందుకున్న కార్తికి గోన్‌సాల్వెస్ తమిళనాడులోని ముదుమలై ఏనుగుల శిబిరం దగ్గర ఏళ్ల తరబడి గడిపి తన లఘుచిత్రాన్ని పూర్తిచేశారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. పురస్కారం ఆలోచన మానుకుంటున్నాం. నిధిలో ఎక్కువ భాగం ఒకే దర్శకురాలికి ఫిస్కల్ స్పాన్సర్ ద్వారా ఇచ్చి, మిగిలినది ప్రదర్శన రుసుముకు, ఆమె ప్రయాణానికి ఉంచాలని మావాళ్లతో మాట్లాడాను, అందరూ ఒప్పుకున్నారు. ఎంపిక ఎలా చేయాలో, ఏ షరతులు పెట్టవచ్చో ఎడిటర్ గారు చెప్పగలరా?

జవాబు – డెన్వర్, డాక్యుమెంటరీ ఎడిటర్

ఇంతకుముందు తీసిన పది నిమిషాల పని, రెండు పేజీల ప్రతిపాదన, ఖర్చుల అంచనా అడగండి. అంతకు మించిన దరఖాస్తు పెడితే అది నింపడానికే ఆమెకు నెల పడుతుంది. సొమ్ము రెండు విడతలుగా ఇవ్వండి. మొదటిది స్థలాలు చూసుకుని, మనుషులతో మాట్లాడి, కొంత ప్రయోగాత్మకంగా చిత్రీకరించుకోవడానికి సరిపోవాలి. 2025 జనవరిలో వచ్చిన ఎక్స్‌ప్లోర్ చట్టం ప్రకారం జాతీయ పార్కుల్లో చిన్న బృందాలు చేత మోసే పరికరాలతో చిత్రీకరిస్తే చాలా సందర్భాల్లో పర్మిట్ అక్కర్లేదు కాబట్టి ఈ దశ తక్కువ ఖర్చులోనే జరిగిపోతుంది. నవాహో నేషన్ వంటి ఆదివాసీ భూముల్లో మాత్రం వారి అనుమతి విడిగా తీసుకోవాలి. దాని రుసుము అంచనాలో ఉందో లేదో చూడండి. షరతుగా ఒక్కటి పెట్టండి: తనతో కొండ ఎక్కే సహాయకులకు కూడా వేతనం ఇవ్వాలని. రఫ్ కట్ (ఇంకా పూర్తికాని తొలి కూర్పు) చూపించమని అడగకండి. ఎడిటింగ్‌లో తుది నిర్ణయం ఆమెదేనని మీరిచ్చే లేఖలోనే స్పష్టంగా రాయండి.