బ్రహ్మాండాంతమా, బ్రహ్మాండాంతరమా?

గడినుడి:
పోతన భాగవతంలో వామనుడు పెరిగే "ఇంతింతై వటుఁడింతయై" పద్యం నాలుగో పాదం చివర రెండు రకాలుగా నోట్లో ఆడుతోంది: "బ్రహ్మాండాంతసంవర్ధియై" అని ఒకటి, "బ్రహ్మాండాంతరవర్ధియై" అని ఒకటి. విశ్వం ఆకారం మీద రాస్తున్న వ్యాసానికి శీర్షికగా కావాలి. మొదటిదైతే బ్రహ్మాండానికో అంచుంది, వటుడు అక్కడిదాకా పెరిగాడు. రెండోదైతే లోపలే పెరిగాడు, అంచు ఊసే లేదు. వ్యాసం చెప్పేదే "అంచు లేదు" అని, కనుక తేడా చిన్నది కాదు. ఏది సరైన పాఠం?

శకటరేఫ:
మొదటిదే. శార్దూలంలో 12వ అక్షరం నుంచి గురువు గురువు గురువు లఘువు, గురువు గురువు లఘువు గురువు రావాలి. "అంతర" అంటే 16వ చోట "ర" లఘువై గణం చెడింది. పోనీ విసర్గతో "అంతస్సంవర్ధి" అందామా, 15వ చోట "త" గురువై కూర్చుంటుంది. రెండు దారులూ మూసుకున్నాయి. యతి కూడా చక్కగా కుదిరింది: పాదం మొదట్లో "నంతై"లో ద్రుతం (ముందు పదం చివరి నకారం) పోగా మిగిలేది "అం", 13వ చోట "హ్మాం"లో దాగి ఉన్నదీ "అండ" తాలూకు "అం".

పర్యాయపదం:
ఛందస్సు అక్షరాన్ని తేల్చింది, అర్థాన్ని కాదు. "అంత"కు అంచు ఒక్కటే అర్థమా? శుద్ధాంతం రాణివాసం, అంటే ఇంటికి లోలోపల. నిశాంతం ఇల్లు, అమరకోశం ఇంటి పేర్ల వరసలో "నిశాంత"నూ చెబుతుంది. వనాంతంలో విహరించేవాళ్లు అడవి సరిహద్దు రాళ్ల మీద నడవరు కదా, అడవిలోనే తిరుగుతారు. కాబట్టి "బ్రహ్మాండాంత" అని ఉన్నా "బ్రహ్మాండం లోపలి మేరలో" అనే అర్థం బతికే ఉంది. గడినుడి గారి శీర్షికకు ముప్పేమీ లేదు.

అరసున్న:
అందరూ సంస్కృతంలో వెతుకుతున్నారు, పద్యం తెలుగులో నడుస్తోంది. లెక్కపెట్టండి: ఇంత, ఇంత, ఇంత, ఇంత, ఆపైన అంత, అల్లంత, అంత, అంత, అంత, అంత. మొత్తం పది. చెవిని పదిసార్లు అలా తయారుచేశాక పదకొండోసారి వినిపించే "అంత"ను అంతం అనుకునేదెవరు? "బ్రహ్మాండమంత" అనే వినిపిస్తుంది. పోతన కావాలని పేర్చిన మెట్లివి.

శకటరేఫ:
వినిపించవచ్చు, విగ్రహవాక్యం మాత్రం చెప్పలేరు. బ్రహ్మాండ అనే తత్సమంతో తెలుగు "అంత"ను సవర్ణదీర్ఘం చేసి సమాసం కడితే వైరిసమాసం, అంటే కలవకూడని సంస్కృతం, తెలుగుల కలయిక. దాని వెనక మళ్లీ "సంవర్ధి" అనే సంస్కృతమే. పోతన మీద ఆ నింద వేయకండి.

అరసున్న:
సమాసమని నేననలేదు, శ్లేష అన్నాను.

నీహారిక:
శ్లేషను కాసేపు పక్కన పెట్టి గడినుడి గారి "అంచు లేదు" చూద్దాం. వ్యాసాలు బోర్లాపడేది అక్కడే. అంచు ఉందా, పరిమితమా, వంపు ఎంత, ఎలా అతికి ఉంది: ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికితే మిగతావి తేలిపోవు.

కొలవగలిగింది వంపును. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి ఇప్పుడు 2.725 కెల్విన్ల సూక్ష్మతరంగాలుగా అందుతోంది. ఆ పటంలో వేడి, చల్లని మచ్చల నిజమైన కొలత ఎంతో భౌతికశాస్త్రం లెక్కకట్టగలదు: అప్పటిదాకా శబ్దతరంగం పోగలిగిన దూరం. ఆకాశంలో అవి దాదాపు 1 డిగ్రీ వెడల్పున కనిపిస్తే మధ్యలోని స్థలం సమతలం. అంతకంటే పెద్దగా కనిపిస్తే గోళం తరహా వంపు, చిన్నగా కనిపిస్తే జీను తరహా వంపు. కనిపించింది 1 డిగ్రీయే. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాలకు గెలాక్సీల పంపిణీ కొలతలు కలిపితే వక్రతాంశం (వంపును చెప్పే సంఖ్య, సమతలానికి సున్నా, గోళానికి మైనస్) 0.0007, అటూ ఇటూ 0.0019.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, సూక్ష్మతరంగాల పటం ఒక్కదాన్నే నమ్ముకోవడం. వంపునూ హబుల్ స్థిరాంకాన్నీ (విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే సంఖ్య) రకరకాలుగా కలిపి సర్దినా మచ్చల కొలత అదే వస్తుంది. అందుకే ప్లాంక్ ఉష్ణోగ్రత, ధ్రువణ దత్తాంశాన్ని మాత్రమే తీసుకుంటే జవాబు మైనస్ 0.04 వైపు, అంటే మూసుకున్న గోళం వైపు ఒరుగుతుంది. 2019లో దీని మీద పెద్ద వాదమే నడిచింది. రెండో పొరపాటు, సున్నాకు దగ్గరగా వచ్చింది కనుక అనంతమని రాసేయడం. వక్రతాంశం మైనస్ 0.003 అనుకోండి, కొలతలు దాన్ని కొట్టిపారేయలేవు. హబుల్ దూరం (కాంతివేగాన్ని హబుల్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేది) 1,440 కోట్ల కాంతి సంవత్సరాలు, దాన్ని 0.003 వర్గమూలంతో భాగిస్తే వక్రతావ్యాసార్ధం దాదాపు 26,000 కోట్ల కాంతి సంవత్సరాలు. చుట్టి రావాలంటే 1,65,000 కోట్లు. పరిమితమే, కానీ మనకు కనిపించే వ్యాసార్ధం 4,650 కోట్లే కనుక చదునుగానే తోస్తుంది.

పర్యాయపదం:
ఆ 4,650 కోట్లను మీవాళ్లు ఏమంటారు? దిగంతం! దిక్కుకు అంతమెక్కడిది? చూపు ఆగేచోటును దిగంతమన్నారు, అంతే. బ్రహ్మాండాంతమూ ఆ కోవలోదే: ఉన్నదాని అంచు కాదు, అందినదాని అంచు. "అంత"కు ఇది మూడో అర్థంగా రాసుకోండి.

శకటరేఫ:
చక్కగా ఉంది, కానీ భాగవతం ఒప్పుకోదు. పంచమస్కంధం 17వ అధ్యాయం మొదట్లోనే ఇదే వామనుడి ఎడమకాలి బొటనవేలి గోరు అండకటాహం పైపెంకును చీల్చింది. ఆ రంధ్రంలోంచి "బాహ్యజలధార" "అంతఃప్రవిష్ట" అయి గంగ అయింది. పెంకు ఉంది, బయట ఉంది, బయట నీళ్లూ ఉన్నాయి. గోరు తగిలి పగిలేది దిగంతం కాదు. అండం చుట్టూ నీళ్లతో మొదలై ఒకదానికంటే ఒకటి పదింతలుగా ఆవరణలు కూడా చెప్పారు, "దశోత్తరైః" అని. మూలం మాట కావాలంటే, ఇంతింతై పద్యానికి ఆధారమైన శ్లోకంలో ఉన్నది "అవర్ధత", "హరేరనంతస్య". అనంతుడు పెరిగాడట. పోతన ఆ అనంతుణ్ణి పట్టుకుని అంతం దాకా పెంచాడు.

అరసున్న:
అదీ శ్లేషే! అనంతుడు, అంతం.

గడినుడి:
అంటే పురాణంలో అంచుంది, భౌతికశాస్త్రంలో లేదు. అయితే ఈ పాదం నా వ్యాసానికి ఎదురు సాక్ష్యమా?

నీహారిక:
వటుడు పెరిగినట్టు విశ్వం పెరుగుతోందని మాత్రం రాయకండి. వటుడు అప్పటికే ఉన్న చోటులోకి పెరిగాడు. విశ్వవ్యాకోచంలో గెలాక్సీల మధ్య దూరాలు పెరుగుతాయి. లోపలికి చొరబడడానికి వేరే చోటు అవసరం లేదు. అనంతమైనదీ వ్యాకోచించగలదు.

అంచు లేకుండా పరిమితం ఎలా అంటే గోళం ఒక దారి, టోరస్ ఇంకో దారి. పాత వీడియో ఆటల్లో కుడివైపు తెర దాటిన బొమ్మ ఎడమవైపు నుంచి వస్తుంది చూడండి, అదే పని మూడు దిక్కుల్లోనూ చేస్తే త్రిపరిమాణ టోరస్. ఎక్కడా వంపు లేదు, త్రిభుజం కోణాలు కచ్చితంగా 180, అయినా ఘనపరిమాణం పరిమితం. కుడి ఎడమలు తారుమారు కాకుండా ఇలా చదునుగా మూసుకునే ఆకారాలు 6 ఉన్నాయి. వెతికే పద్ధతి సులువైనదే: పెట్టె భుజం సూక్ష్మతరంగ గోళపు వ్యాసం కంటే, అంటే సుమారు 9,100 కోట్ల కాంతి సంవత్సరాల కంటే చిన్నదైతే, ఆకాశంలో ఎదురెదురుగా రెండు వలయాల మీద ఒకే ఉష్ణోగ్రతల వరస కనిపించాలి. 2004లో డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఇచ్చిన పటంలో వెతికారు, తర్వాత ప్లాంక్ పటంలోనూ వెతికారు. జంట వలయాలు దొరకలేదు.

2003లో ఖగోళశాస్త్రజ్ఞుడు లూమినే బృందం విశ్వానికి ద్వాదశఫలకం ఆకారం ప్రతిపాదించింది. 12 పంచభుజ ముఖాలు. ప్రతి ముఖాన్నీ 36 డిగ్రీలు తిప్పి ఎదుటి ముఖానికి అతికించాలి. అలాంటివి 120 కలిస్తే త్రిపరిమాణ గోళం నిండుతుంది. పటంలో 60 డిగ్రీలు దాటిన చోట హెచ్చుతగ్గులు ఊహించినదానికంటే మందంగా ఉండటం వాళ్లకు ఊతం: చిన్న గదిలో పెద్ద తరంగం పట్టదు కదా. దానికి 6 జతల వలయాలు కనిపించాలి. అవీ లేవు.

పర్యాయపదం:
"నిండుతుంది" అన్నారు, తర్వాతి పద్యం గుర్తొచ్చింది. "వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్." నిండడమంటే లోపల్నుంచే. పక్క పద్యమే నా అర్థానికి సాక్షి.

శకటరేఫ:
అంచు లేనిది నిండుతుందా? ఆ సాక్షి నావైపు. సరే, ఆ పద్యం ఎత్తారు కనుక: సూర్యుడు కదలకుండా అక్కడే ఉంటాడు, గొడుగు, తలమణి, చెవిపోగు, కంఠాభరణం, కేయూరం, కంకణం, మొలగంట, అందె, చివరికి పాదపీఠం. పెరిగేవాణ్ణి వర్ణించకుండా పక్కనున్న కొలబద్దను దించుకుంటూ పోయాడు. తొమ్మిది గుర్తుల్లో అంత ఎత్తూ అయిపోయింది. ఇంకొకడైతే యోజనాలు లెక్కపెట్టేవాడు.

నీహారిక:
మొదటి పద్యంలో ప్రభారాశి, అంటే సూర్యుడు ముందు, చంద్రుడు తర్వాత. నిజంలో చంద్రుడు 3,84,400 కిలోమీటర్లు, సూర్యుడు దాదాపు 15 కోట్లు. మెట్లు తారుమారయ్యాయి.

శకటరేఫ:
తారుమారు కాదు, పురాణక్రమం. పంచమస్కంధంలో చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాల పైన. పోతన మూలం తప్పలేదు. ధ్రువుడికి మాత్రం మీ లెక్కలోనూ ఆ తర్వాతి మెట్టే దక్కింది, సుమారు 430 కాంతి సంవత్సరాలు.

గడినుడి:
శీర్షికకు ఇది వదిలేసి, గజేంద్రమోక్షంలో "లోకంబులు లోకేశులు" పద్యంలోని "పెంజీకటి కవ్వల" పెడితే? అక్కడైతే అంచు గొడవ లేదుగా.

శకటరేఫ:
లేకేం. "అవ్వల" అన్నాక ఇవ్వల ఒకటి ఉన్నట్టే. మూలంలో "తస్య పారే", ఆవలిగట్టున. గొడవ అంతకు ముందే ఉంది: "తుది నలోకంబగు". దీన్ని "ఆలోకంబగు" అని పాడేవాళ్లున్నారు. ఆలోకమంటే వెలుగు, చీకటికి ఆ విశేషణం ఎలా అతుకుతుంది? కందం కూడా ఒప్పదు. రెండో పాదం మూడో గణం "నతుదిన", నలం, అంటే నాలుగు లఘువులు, 4 మాత్రలు. "నా" అంటే 5 మాత్రలు. నాలుగో పాదంలో "నే సేవింతున్" అని విడదీయడమూ తప్పే: "అతనిన్ ఏ సేవింతున్". "ఎవ్వండు ఏకాకృతి" లోని ఏ-కు ఈ ఏ-తోనే యతి.

పర్యాయపదం:
హ్రస్వం ఒప్పుకున్నా అలోకం రెండు రకాలు. లోకం లేనిది ఒకటి, లోకనం అంటే చూపు పారనిది ఒకటి. లోకాలోక పర్వతానికి ఇవతల సూర్యకాంతి పడుతుంది, అవతల పడదు. నా మాట రెండోదే. చూపు పారని పెంజీకటి, దాని అవతల వెలుగు. నీహారిక గారూ, తొలి నక్షత్రాలకు ముందు చీకటియుగం, దానికీ ముందు 3,000 కెల్విన్ల వెలుగు ఉందంటారుగా? వరస సరిపోయింది.

నీహారిక:
ఆ 3,000 కెల్విన్ల దగ్గర చూపు ఆగేది చీకటి వల్ల కాదు. విడి ఎలక్ట్రాన్లు కాంతిని చెదరగొట్టడం వల్ల ఆగుతుంది. పొగమంచు తెల్లగా ఉన్నా చూపు పారదు. మీ రెండో అర్థం అక్కడ చెల్లుతుందేమో గానీ పెంజీకటి చెల్లదు.

శకటరేఫ:
అసలు కాలమే తిరగబడింది. పద్యంలో లోకాలు తెగిన తర్వాతి చీకటి అది. మూలంలో "కాలేన పంచత్వమితేషు" అని స్పష్టం. మీరు చెప్పేది లోకాలు పుట్టకముందు సంగతి.

అరసున్న:
"తెగిన తుదిన్" కాలానికే ఎందుకు చెందాలి? తెగడం అంటే నశించడమే కాదు, తెగి ఆగిపోవడం కూడా. లోకాలు ఎక్కడికి తెగాయో ఆ తుదిన, ఆ చోట. సప్తమి రెండింటికీ సరిపోతుంది.

శకటరేఫ:
లోకేశులూ లోకస్థులూ కూడా "చోట" తెగుతారా?

అరసున్న:
లోకం ఆగినచోట దాన్ని ఏలేవాడు మాత్రం ఎక్కడుంటాడండీ?