కూతవేటు దూరం: కూత ఎవరిది, వేటు ఏమిటి?

ప్రశ్న:

‘జాతీయ రహదారికి కూతవేటు దూరంలో ఇళ్ల స్థలాలు’ అని ఒక ప్రకటన చూశాను. కూతవేటు అంటే లెక్కకు ఎంత? వేటు అంటే దెబ్బ కదా, దూరానికి దానితో ఏం పని? మా కార్యాలయంలో ఒకరు ఇది ‘వేట’ నుంచి వచ్చిందని అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

రాజూరా (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర) నుంచి జవాబు:

వేటకూ వేటుకూ చుట్టరికం లేదండీ. వేటను తమిళులు వేట్టై అంటారు, కన్నడిగులు బేటె అంటారు. ఆ కుటుంబం వేరు. వేటు ‘వేయు’ నుంచి వచ్చిన మాట. బాణం వేయడం, రాయి వేయడం అంటాం చూడండి, ఆ వేయడం. కన్నడంలో దెబ్బను ఏటు అంటారు, తమిళంలో బాణం వదలడాన్ని ఎయ్ అంటారు. ఇవన్నీ ఒకే ఇంటి మాటలని నా నమ్మకం. పత్రికలు సస్పెన్షన్ వేటు, అనర్హత వేటు అని రోజూ రాయడం వల్ల ఇప్పుడు ఆ మాట వినగానే శిక్ష ఒక్కటే గుర్తొస్తోంది. నిజానికి అందులో విసురు ఉంది, విసిరినది పోయి పడే మేర కూడా ఉంది. తెలుగువాళ్లం కేక వేస్తాం, ఈల వేస్తాం. నక్క ఊళ వేస్తుంది. గొంతును విసరడం మన నుడికారంలో ఎప్పటినుంచో ఉన్నదే. నోటితో వేసిన కూత ఎంత దూరం పోయి పడుతుందో అంత మేర కూతవేటు.

ఇక కూత. కోయు నుంచి కోత, మేయు నుంచి మేత, నేయు నుంచి నేత, పూయు నుంచి పూత వచ్చినట్టే కూయు నుంచి కూత. తమిళంలో కూవు, కన్నడంలో కూగు దీని తోబుట్టువులే. పొద్దును కొలవడానికి కోడికూత, దూరాన్ని కొలవడానికి కూతవేటు: ఒక్క మాటతో రెండు కొలతలూ నడిపించారు మనవాళ్లు. కబడ్డీలో అవతలి బరిలోకి వెళ్లడాన్ని కూతకు వెళ్లడం అంటాం. అక్కడ ఊపిరి ఉన్నంతసేపే కూత.

ఈ దూరం మనకొక్కరికే తట్టిందీ కాదు. తమిళులు కూప్పిడు దూరం అంటారు, కన్నడిగులు కూగళతె దూరం అంటారు. మా దగ్గర మరాఠీవాళ్లు ‘హాకేచ్యా అంతరావర్’ అంటారు. హాక్ అంటే పిలుపు. రాజూరా సంతలో మరాఠీ ఆవిడ ఆ మాట అంటే తెలుగాయన కూతవేటు అని అర్థం చేసుకుని నడుచుకుంటూ పోతాడు. 1956కు ముందు రాజూరా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రెండు భాషలూ ఇక్కడ ఒకే వీధిలో పెరిగాయి.

లెక్కకు ఎంత అని అడిగారు. దీనికి పుస్తకం చూసి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే మొన్న డిసెంబరులో ఒక రోజంతా నేనూ మా మేనల్లుడూ గూడ్సు బండ్లు చూడటానికి విరూర్ వైపు పట్టాల మీదుగా పోయే రోడ్డు వంతెన మీద గడిపాం. ఆ రోజు ఈ మాటను చెవితోనే కొలిచాం.

మా వాడికి బండ్లంటే ప్రాణం. ఇంజను నంబరు, షెడ్డు పేరు, పెట్టెల రకం అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటాడు. అందుకు ఈ మార్గం లాంటిది దొరకదు. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాకే ఢిల్లీ నుంచి మద్రాసుకు ఇటుగా నేరుగా దారి ఏర్పడింది. ఉత్తరాది నుంచి దక్షిణాదికి పోయే సరుకులో ఎంతో భాగం వార్ధా నది దాటి మా పొలాల పక్కనుంచే వెళ్తుంది. చంద్రపూర్ చుట్టూ బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాలు, విద్యుత్ కేంద్రం ఉన్నాయి. కాబట్టి చూడటానికి బండ్లకు కొదవ లేదు. పైకప్పు లేని బాక్స్‌ఎన్ పెట్టెల్లో బొగ్గు, మూతపెట్టెల్లో సిమెంటు, గుండ్రటి ట్యాంకుల్లో చమురు. అడుగున తలుపులు తెరిచి బొగ్గును కిందికి దించే గరాటు పెట్టెలు విద్యుత్ కేంద్రాలకు పోయేవి. ఇంజను పక్కన కాజీపేట అనో అజ్నీ అనో షెడ్డు పేరు కనిపిస్తే అది ఏ ఊరి ఇంజనో తెలిసిపోతుంది. సుమారు 6,000 అశ్వశక్తి ఉన్న వ్యాగ్-9 రకం విద్యుత్ ఇంజన్లే ఎక్కువగా వస్తాయి. బీహార్‌లోని మధేపురాలో తయారైన 12,000 అశ్వశక్తి వ్యాగ్-12 వచ్చిందంటే మా వాడు కేక పెట్టకుండా ఉండలేడు. జంట ఇంజన్లు వెన్నుకు వెన్ను ఆనించినట్టుంటుంది అది.

పొద్దున మంచు తెరగా ఉంది, పట్టాలు పది స్తంభాల అవతల కనిపించడం లేదు. వంతెన కమ్మీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాం. చలికి ఇనుము చురుక్కుమంటోంది. ముందు ఎక్కడి నుంచో కూత, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఆపైన కమ్మీలో సన్నటి వణుకు, చివరికి మంచులోంచి దీపం. మా కాళ్ల కింద నుంచి బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే పైనుంచి చూడటం ఒక భాగ్యం. ప్రతి పెట్టెలో బొగ్గు కుప్ప ఒక్కో తీరుగా ఒరిగి ఉంటుంది. మంచుకు తడిసి పెద్ద పెళ్లలు నిగనిగలాడుతున్నాయి, పొడి మాత్రం మసకగానే ఉంది. చిట్టచివర గార్డు పెట్టె వరండాలో మఫ్లరు చుట్టుకున్న మనిషి తలెత్తి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. 2022 జనవరి నుంచి ఆయన హోదా పేరు ట్రైన్ మేనేజర్ అయింది కానీ మా ఊళ్లో అందరూ ఇప్పటికీ గార్డు గారనే అంటారు.

ఎండెక్కాక మా వాణ్ణి దక్షిణం వైపు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరికి పంపాను. గేటుకు కొంత ముందు పసుపు పలక మీద నల్లగా ‘సీ/ఫా’ అని హిందీలో రాసి ఉంటుంది. సీటీ (ఈల), ఫాటక్ (గేటు) అని దాని అర్థం, డ్రైవరు అక్కడ పొడవుగా కూయించాలి. మా వాడు ఫోను చేతపట్టుకుని నిలబడ్డాడు. బండి కూసింది. ఆ కూత ముందు ఫోనులో వినబడింది. ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెడుతుంటే ఆరు దగ్గర అదే కూత గాలిలో నా చెవికి తగిలింది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక గేటు రెండు కిలోమీటర్ల అవతల ఉన్నట్టు.

అంత దూరం వినిపించినా దాన్ని కూతవేటు అనను. కూతవేటులోని కూత మనిషిది. ఆ సంగతి కూడా చూశాం. పొద్దున మంచులోనే మా వాడు పట్టాల పక్క రోడ్డు మీద నడుచుకుంటూ పోయి ‘మామా!’ అని పిలిచాడు. పట్టాల పక్కన ఏడెనిమిది కరెంటు స్తంభాల అవతలి నుంచి కూడా పిలుపు శుభ్రంగా వినబడింది. మధ్యాహ్నం అదే గొంతుతో పిలిస్తే నాలుగో స్తంభం దాకా దగ్గరికి వస్తేగానీ అందలేదు. ఆ స్తంభాల మధ్య దూరం ఎక్కువలో ఎక్కువ 72 మీటర్లు ఉంటుంది. అంటే పొద్దున అర కిలోమీటరు, మధ్యాహ్నం అందులో సగం. కారణం ఇదీ: చలికాలపు రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉంటుంది. వెచ్చని గాలిలో శబ్దం వేగంగా పోతుంది, అందువల్ల పైకి పోయే శబ్దం వంగి మళ్లీ నేల వైపు దిగుతుంది. ఎండెక్కి నేల కాగాక ఇది తలకిందులవుతుంది, శబ్దం పైకి లేచి పోతుంది.

కాబట్టి కూతవేటుకు ఒక్క అంకె చెప్పమంటే చెప్పలేం. చెప్పనక్కర్లేదు కూడా. పిలిస్తే పలికేంత దగ్గర అన్నదే దాని కొలత. పిలిచేవాడూ వినేవాడూ ఇద్దరూ అందులో ఉన్నారు. అందుకే రహదారికి కూతవేటు అని రాసిన ఆ ప్రకటన నాకు నచ్చలేదు. రహదారి పిలవదు, పలకదు. బడికి కూతవేటులో ఇల్లు అంటే బాగుంటుంది, అక్కడ పిల్లవాడు ఉంటాడు, తల్లి ఉంటుంది. పది కిలోమీటర్ల అవతలి విమానాశ్రయాన్ని కూతవేటు అని రాయడం మాత్రం మాటను పాడుచేయడమే. పత్రికల్లో పనిచేసేవారు ఈ గుంపులో చాలామంది ఉన్నారు, దయచేసి ఆలోచించండి.

ఇంకొకటి గుర్తొచ్చింది. స్టేషన్లలో బండిని పక్కకు నిలిపే లూప్ లైన్ల నిడివి చాలాచోట్ల 686 మీటర్లు. గూడ్సు బండి ఇంచుమించు దాన్ని నింపేస్తుంది. అంటే డ్రైవరూ గార్డూ ఒకరికొకరు కూతవేటులో కూడా లేరు. అందుకే ఇంజను కూతలకు ఒక భాష పెట్టారు. ఉదాహరణకు మూడు పొట్టి కూతలు వేస్తే గార్డును బ్రేకు వేయమన్నట్టు. ఇప్పుడు వాకీటాకీలు వచ్చినా ఆ భాష నియమావళిలో ఉంది.

రాయగడ (ఒడిశా) నుంచి:

చాలా బాగా చెప్పారండీ. దీనికి ఒకటి కలపాలి. మనం క్రోసు అనే మాట, ఒడియాలో కోస, మరాఠీలో కోస్ అని పలికేది, సంస్కృతం క్రోశ నుంచి వచ్చింది. క్రోశ అంటే అసలు అర్థం కేక! ఆక్రోశంలో ఉన్నది అదే. అంటే అది కూడా ఒకప్పుడు కూతవేటే. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నాలుగు గోరుతాలు ఒక యోజనం అంటాడు. గోరుతం అంటే ఆవు అరుపు.

మీ బండ్ల ముచ్చట చదివి మా ఊరు గుర్తొచ్చింది. 1998లో కోరాపుట్ లైను తెరిచాక మా జంక్షనులో దమన్‌జోడి అల్యూమినా బండ్లు చూడటం మాకూ అలవాటే. మా ఇంట్లో మాత్రం ‘బండి కూసింది’ అనే అంటాం. సీటీ కొట్టింది అనడం మా పిల్లల నోట విన్నాను. మీ దగ్గర ఏమంటారు?

రాజూరా నుంచి జవాబు:

గోరుతం సంగతి చెప్పినందుకు ఎంతో సంతోషం. క్రోసుకు రెండు మైళ్లని, నాలుగు క్రోసులు ఆమడని లెక్క కట్టేశాక అందులోని కేక మాయమైంది. రెండు మైళ్లు ఏ గొంతూ పోదు. కూతవేటుకు ఎవరూ లెక్క కట్టలేదు కాబట్టే అందులో కూత ఇప్పటికీ వినిపిస్తోంది.

మా దగ్గర సీటీ ఎక్కువే, హిందీ, మరాఠీ చుట్టూ ఉన్నాయి కదా. పెద్దవాళ్లు మాత్రం కూసింది అంటారు. కొత్త లైను రాబోతుంటే తెలుగు పత్రికలు ‘ఆ ఊళ్లో రైలు కూత ఎప్పుడు?’ అని శీర్షిక పెడతాయి. అలాంటి శీర్షిక చూసినప్పుడల్లా నాకు సంతోషం. ఊరికి రైలు రావడమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. ఆవిరి ఇంజన్లు పోయి, డీజిలు తగ్గి, విద్యుత్ ఇంజన్లు వచ్చినా ఆ మాట చెక్కుచెదరలేదు.

విశాఖపట్నం నుంచి:

గూడ్సు బండి మోత గురించి కూడా రాయండి. మోత అంటే శబ్దమా, బరువా?

రాజూరా నుంచి జవాబు:

రెండూనండీ, కానీ పుట్టుక వేరు. శబ్దానికి పాత రూపం మ్రోత, మ్రోయు నుంచి వచ్చింది. వాడుకలో క్రావడి (ర-ఒత్తు) జారిపోతుంటుంది, అలా మోత అయింది. బరువు మోత మోయు నుంచి వచ్చింది. ఇప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి. గూడ్సు బండి విషయంలో ఇవి ఒకదానికొకటి ఎదురు. బొగ్గు నిండిన పెట్టెలు అడుగు బరువుగా దబ్‌దబ్‌మంటూ పోతాయి. ఖాళీ పెట్టెలు తిరిగి గనికి పోయేటప్పుడు తలుపులూ గొలుసులూ గలగలలాడి వంతెన మీద మాటలు వినబడవు. మా వాడు కళ్లు మూసుకుని నిండు బండో ఖాళీ బండో చెప్పేస్తాడు.

మొదట అడిగినవారి నుంచి:

అందరికీ ధన్యవాదాలు. ఒక్క చిన్న అనుమానం. ‘రెండు కూతవేట్ల దూరం’ అనవచ్చా?

రాజూరా నుంచి జవాబు:

నిక్షేపంగా అనవచ్చు. మధ్యలో ఒక మనిషి నిలబడి పిలుపు అందుకుని అవతలికి వేస్తే అది రెండు కూతవేట్లు. కాటు కాట్లు, పోటు పోట్లు అయినట్టే వేటు వేట్లు అవుతుంది. ‘కూతవేటుల దూరం’ అని మాత్రం రాయకండి.