జీడీహెచ్ పాజిటివ్, టాక్సిన్ నెగటివ్: వ్యాంకోమైసిన్ మొదలుపెట్టేయాలా?

గుంటూరులో కేసు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ (యాంటీబయాటిక్ వాడాక పేగులో పెరిగి విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) అని అనుమానం. 68 ఏళ్లు, షుగర్. కాలి పుండుకు 8 రోజులు క్లిండామైసిన్ వాడాక రోజుకు ఏడెనిమిది నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం. క్లిండామైసిన్ ఆపేశాం, విరేచనాలు కట్టే లోపెరమైడ్ జోలికి పోలేదు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.3 అయినా తెల్లకణాలు 16,800. 15,000 దాటాయి కాబట్టి తీవ్రమైన కేసు కిందే లెక్క. అందుకే మెట్రోనిడజోల్‌తో సరిపెట్టడం ఇష్టం లేదు.

మలపరీక్షలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ జీడీహెచ్ (ఆ బ్యాక్టీరియా తయారుచేసే ఎంజైమ్) పాజిటివ్, టాక్సిన్ నెగటివ్. జీడీహెచ్ చెప్పేది బ్యాక్టీరియా ఉందనే, విషం విడుదల చేస్తోందని కాదు. టాక్సిన్ జన్యువుకు పీసీఆర్ విజయవాడలో ఎక్కడ చేస్తున్నారు, రిపోర్టు ఎన్ని రోజులకు? ఈలోగా మందు మొదలుపెట్టడమే మేలనిపిస్తోంది. మీరైతే?

వ్యాంకోమైసిన్ క్యాప్సూల్స్ దొరకలేదు. 500 మి.గ్రా. ఇంజెక్షన్ వయల్‌ను 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కరిగించి, 2.5 మి.లీ. (అంటే 125 మి.గ్రా.) చొప్పున 6 గంటలకోసారి 10 రోజులు తాగించాలని ఆలోచన. నరానికి ఎక్కిస్తే పేగులోకి చేరదు; ఈ పొరపాటు ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది. చేదుకు పంచదార పాకం కలుపుతున్నారా? కలిపిన మందు ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఉంచుతున్నారు?

వార్డులో శానిటైజర్ బదులు సబ్బు, నీళ్లు పెట్టించాం, ఈ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకు రూపాలు) ఆల్కహాల్‌కు చావవు కనుక.

అసలు చిక్కు పుండుది. దానికి ఇంకా యాంటీబయాటిక్ కావాలి. ఏది ఎంచుకుంటారు? అది నడిచినన్నాళ్లూ వ్యాంకోమైసిన్ పొడిగిస్తారా?