ఈ వారపు సమస్య: "పగులకున్న కాయ పండుగగును"

నిర్వాహకుడు:
మిత్రులారా, మన పాలమూరు, నల్లగొండ పల్లెలలో ఏ మంచి పని మొదలుపెట్టినా ముందు ఒక కాయ పగలవలసిందే. గుడిలో టెంకాయ, కొత్త ఇంటి గడప ముందు దిష్టి తీసిన బూడిద గుమ్మడి పగిలిన తరువాతనే మనసు కుదుటపడుతుంది. అటువంటప్పుడు పగలని కాయ పండుగ ఎట్లా అవుతుందో, పై సమస్య చివరి పాదంగా వచ్చేటట్టు ముందు మూడు పాదాలు పూరించి పద్యంలో చెప్పండి. నవంబరు నెల నాలుగవ గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ. మన సభ్యులలో చాలామంది బిడ్డలు, అల్లుళ్లు అక్కడే ఉన్నారు గనుక, ఆ రోజు భోజనానంతరం వడ్డించే గుమ్మడికాయ చీజ్‌కేక్‌ను దృష్టిలో పెట్టుకొనే ఈ పాదం ఇచ్చాను. అయినా వేరే దారిలో పూరించాలనుకునే వారికి అడ్డు లేదు.

గద్వాల పద్యాభిమాని:
కోరి తెచ్చి చీజు గుమ్మడి గుజ్జును
కలిపి గుడ్లు వేసి గరిటెతోడ
నీటి పళ్ళెమందు నిలిపి యోవెనులోన
పగులకున్న కాయ పండుగగును.

మూడవ పాదమే ఈ పద్యానికి ప్రాణమని నా నమ్మకం. చీజ్‌కేక్‌ను నేరుగా ఓవెన్‌లో పెడితే అంచులు ముందే గట్టిపడి, నడిమి భాగం ఆలస్యంగా ఉడికి, చివరకు పైన చీలిక పడుతుంది. అచ్చును వేడినీళ్లు పోసిన పెద్ద పళ్ళెంలో నిలిపితే, ఓవెన్ లోపల 160 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్నా చుట్టూ ఉన్న నీరు 100 డిగ్రీలు దాటదు గనుక కేకు అంతా ఒకే తీరుగా నెమ్మదిగా కుదురుకుంటుంది.

దేవరకొండ పంతులు:
గద్వాల మిత్రునికి అభినందనలు. నీటి పళ్ళెం ప్రస్తావన నిజంగా వంట తెలిసిన వారు మాత్రమే చెప్పగలిగిన మాట. "కోరి – గుమ్మడి" యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో ఉండవలసిన మైత్రి) కూడా హాయిగా కుదిరింది. కాని ఈ కేకులో చక్కెర ఎక్కడ ఉన్నది? చీజు వచ్చింది, గుజ్జు వచ్చింది, గుడ్లు వచ్చాయి, చివరకు గరిటె కూడా వచ్చింది. తీపి మాత్రం నాలుగు పాదాలలో ఎక్కడా లేదు. పండుగ పూట తియ్యని పదార్థం పేరుతో పుల్లని పదార్థం వడ్డించడం విద్వద్గద్వాల అని పేరు మోసిన ఊరికి తగదని సవినయంగా మనవి చేస్తున్నాను. గరిటెకు ఇచ్చిన చోటు బెల్లానికి ఇస్తే రెండవ పాదం ఇట్లా ఉంటుంది:

గుడ్లు బెల్లమునిడి కుదుర గలిపి

అక్కడి వారు ఈ వంటకంలో ముదురు రంగు చక్కెర వాడడం పరిపాటి, ఆ చక్కెరలో ఉండే మడ్డి (మొలాసిస్) రుచి మన బెల్లానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఇది యతి కోసం తెచ్చిపెట్టిన మాట కాదు.

నా పూరణ ఇది:

చేని గట్టు మీద చిగురించు తీగకు
వాన మితము గాను వచ్చె నేని
కోత కాలమునకు గుమ్మడి తోటలో
పగులకున్న కాయ పండుగగును.

చాలా దినాలు ఎండిన నేల మీద ఒక్కసారిగా జడివాన పడితే తీగ గుంజుకున్న నీరు కాయ లోపల నిండి తొక్క చీలుతుంది. మన దిక్కున రైతులందరూ చూసిన విషయమే. వాన మితంగా వచ్చి కాయ చీలకుండా నిలిస్తే అది పండుగా అవుతుంది. "పండుగ" అన్న చోట పదాన్ని "పండు – గ" అని విరిచి చదవండి.

గద్వాల పద్యాభిమాని:
పంతులు గారి బెల్లం పాదాన్ని నమస్కరించి స్వీకరిస్తున్నాను, ఎందుకంటే అది నా పాదం కంటే మేలైనది. అయితే వారి విరుపు మాత్రం నాకు మింగుడుపడడం లేదు. "పండగును" అంటే సరిపోయే చోట "పండుగా నగును" అనడం వలన "గా" వృథా అవుతుంది. సమస్యలోని విరోధాన్ని అర్థంతో తీర్చడం వేరు, అక్షరాలను విరిచి తప్పించుకోవడం వేరు. పంతులు గారు రెండవ దారినే ఎప్పుడూ ఎంచుకుంటారు.

దేవరకొండ పంతులు:
మన జిల్లాలో ఇంటింటా "మంచిగైంది", "పెద్దగైంది" అంటూనే ఉంటాము. నోటిలో నిత్యం ఆడే ప్రయోగం పద్యంలోకి వచ్చేసరికి దోషం ఎట్లా అవుతుంది? విరుపుతో పూరించడం కూడా సమస్యాపూరణంలో పెద్దల నుండి వస్తున్న దారే. ఇక సంధి సంగతికి వస్తే, అత్తునకు (హ్రస్వ అకారానికి) సంధి బహుళం, అంటే జరగవచ్చు, జరగకపోవచ్చు గనుక "పండుగగును" అన్నా "పండుగ యగును" అన్నా చెల్లుతుంది. నిర్వాహకుల పాదంలో ఏ లోపమూ లేదు.

మిర్యాలగూడ మిత్రుడు:
పెద్దలు వాదించుకుంటున్నారు గనుక నా పూరణ ఇక్కడ ఉంచుతున్నాను. ఇంతవరకు ఎవరూ కేకు అడుగు భాగం మాట ఎత్తలేదు. అమెరికాలో గ్రాహం క్రాకర్లు అనే బిస్కెట్లతో చేసే ఆ పునాదిని ఇక్కడ మారీ లేక డైజెస్టివ్ బిస్కెట్లతో చేసుకోవచ్చు.

అమెరికాకు నేగి యలసిన బిడ్డకు
వెన్న కరగ బోసి బిస్కెట్లను
పళ్ళెమందు నద్ది పైన పిండిని పోసి
పగులకున్న కాయ పండుగగును.

గద్వాల పద్యాభిమాని:
తమ్ముడూ, "అలసిన బిడ్డకు" అన్న మాట మనసును తాకింది. దూరదేశంలో పగలంతా కొలువు చేసి, పండుగ ముందటి రాత్రి వంటింట్లో నిలబడే ఆడబిడ్డ ఆ ఒక్క మాటలో కనబడింది. కాని రెండవ పాదం చివర కాలు జారింది. "బిస్కె" అన్నచోట "స్కె" తరువాత "ట్లు" ఉన్నది గనుక అది గురువే, అంటే నాలుగవ గణం రెండు గురువులు అయింది. ఆ తరువాతి "ట్లను" రెండు లఘువులతో మిగిలిపోయింది. మాత్రలు లెక్క పెడితే సరిపోతాయి, అందుకే చెవికి ఇట్టే దొరకదు. గణం మాత్రం విరిగింది. "బిస్కటులను" అంటే అక్కడ ఉండదగిన గలము (గురువు, లఘువు), నగణము (మూడు లఘువులు) చక్కగా కుదురుతాయి.

దేవరకొండ పంతులు:
గద్వాల మిత్రుని సవరణతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇది తరచుగా జరిగే విషయం కాదు గనుక ప్రత్యేకంగా రాస్తున్నాను. వెన్నకు, బిస్కటుకు యతి వేసిన తీరు ముచ్చటగా ఉన్నది. మిర్యాలగూడ మిత్రుడు ఆ పాదాన్ని సవరించి ఉంచుకోవాలని నా కోరిక.

మిర్యాలగూడ మిత్రుడు:
"వెన్న కరగ బోసి బిస్కటులను" అని మార్చి నా పుస్తకంలో రాసుకున్నాను. ఇద్దరికీ వందనాలు.

గద్వాల పద్యాభిమాని:
మరొక పూరణ. కేకు పగలడానికి ఓవెన్‌లోని వేడి ఎంత కారణమో, బయటకు తీసే తొందర కూడా అంతే కారణం. వేడిగా పొంగి ఉన్న కేకును చల్లని గాలిలో పెట్టగానే అది కుంచించుకుపోతుంది, అంచు అచ్చుకు అతుక్కొని ఉంటే నడిమి భాగం తెగిపోతుంది. అందుకే ఈ పద్యం.

వేడి తగ్గు దాక వెలికి తీయక యుంచి
తలుపు కొంత తెరచి తాళ వలయు
రాత్రి గడచు వరకు రంజిల్లు చలిలోన
పగులకున్న కాయ పండుగగును.

దేవరకొండ పంతులు:
మొదటి రెండు పాదాలు చదివి సంతోషించాను. ఓవెన్ ఆపివేసి, తలుపు కొద్దిగా తెరిచి, గంటసేపు కేకును లోపలే ఉంచడం అన్నది ఈ వంటలో అతి ముఖ్యమైన మెలకువ, దానిని "తాళ వలయు" అన్న రెండు మాటలలో ఇమిడ్చారు. కాని మూడవ పాదంలోని "రంజిల్లు" ఏమి చేస్తున్నది? రాత్రి రంజిల్లుతున్నదా, చలి రంజిల్లుతున్నదా? యతి కోసం వచ్చి కూర్చున్న మాట అది. "లాలించి చలిలోన" అంటే కొంత నయం.

గద్వాల పద్యాభిమాని:
"రాత్రి"కి "లాలించి" యతి చెల్లుతుందని పంతులు గారే సెలవిస్తున్నారా? సంక్రాంతికి "సకినము విరిగినను శాంతి కలుగు" అన్న సమస్య ఇచ్చినప్పుడు, అచ్చంపేట మిత్రుడు "రోలు"కు "లోకము"తో యతి వేస్తే, రకార లకారాల యతిని ఒప్పుకోనని వీరు పట్టుబట్టారు. ఆ మిత్రుడు నొచ్చుకొని ఆ తరువాత పూరణలు పంపడమే మానుకున్నాడు. ఆనాడు కాని యతి ఈనాడు ఎట్లా అయింది?

దేవరకొండ పంతులు:
ఆ రెండింటికి యతి చెల్లదని నేను అనలేదు. ఆ పద్యంలో సకినాల పిండిని రోట్లో దంచడం వరకు చెప్పి, గుండ్రంగా చుట్టలు చుట్టే పనిని విడిచిపెట్టి, "లోకము"ను కేవలం యతి కోసం తెచ్చారని అన్నాను. బియ్యప్పిండి తడి ఆరకముందే చుట్టలు చుట్టే ఆ నేర్పు లేనిదే సకినం పద్యం లేదు. నా మాట కరుకుగా వినబడి ఉంటే అచ్చంపేట మిత్రుడు తిరిగి రావాలని ఇక్కడే కోరుతున్నాను, ఆయన పద్యంలో ధార ఉన్నది. ఇక ప్రస్తుత పాదానికి వాదం లేని సవరణ: "రాత్రి గడచు వరకు రక్షించి చలిలోన". ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితేనే కేకు కోతకు వస్తుంది గనుక "రక్షించి" అన్న మాటకు పని ఉన్నది.

గద్వాల పద్యాభిమాని:
"రక్షించి" స్వీకరిస్తున్నాను.

వనపర్తి సోదరి:
నేను న్యూజెర్సీలో మా బిడ్డ దగ్గర ఉన్నప్పుడు ఈ కేకును దగ్గర నుండి చూశాను, నా చేతులతో చేశాను కూడా. డబ్బాలో వచ్చే గుజ్జు చిక్కగా ఉంటుంది. మన తియ్యగుమ్మడిని ఉడికించి మెదిపితే మాత్రం నీరు ఎక్కువగా ఉంటుంది. ఆ గుజ్జును పలుచని బట్టలో మూటకట్టి సింకు పైన కొళాయికి వేలాడదీస్తే లేత పసుపు రంగు నీరు చుక్క చుక్కగా కారుతుంది, ఆ నీరు పోకపోతే కేకు ఎంత కాల్చినా నడుమ తడిగానే ఉంటుంది. తడి ఆరలేదని ఇంకా కాల్చితే పగులుతుంది. అంచు నుండి రెండు మూడు అంగుళాల దాకా గట్టిపడి, నడిమి భాగం అచ్చును కదిపినప్పుడు వణుకుతూ ఉండగానే ఓవెన్ ఆపాలి. మిగిలిన పని లోపలి వేడి చేస్తుంది. దాల్చినచెక్క, శొంఠి, లవంగం, జాజికాయ పొడులు కలుపుతారు గనుక ఆ వాసన మన ఇంటి వాసనలాగే ఉంటుంది.

దిష్టి గుమ్మడియును దేవుని టెంకాయ
పగిలినపుడె మేలు పల్లెలోన
చీజు కేకు చేయు చెలులకు మాత్రము
పగులకున్న కాయ పండుగగును.

నిర్వాహకుడు:
సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్న విరోధాన్ని మొదటి రెండు పాదాలలో పూర్తిగా నిలబెట్టి, మూడవ పాదంలో ఒక్క "మాత్రము"తో తీర్చారు. పదం విరవలేదు, వ్యర్థపదం లేదు. ఈ వారపు మేటి పూరణ ఇదేనని ప్రకటిస్తున్నాను.

గద్వాల పద్యాభిమాని:
అక్కయ్యా, నీటి పళ్ళెం గురించి, చల్లార్చడం గురించి నేను రెండు పద్యాలు రాశాను గాని, పగలవలసిన కాయలను, పగలకూడని కాయను పక్కపక్కన నిలబెట్టాలన్న ఊహ నాకు రాలేదు. మీ పద్యం ముందు నా రెండూ వంట చేసే విధానం చెప్పే పద్యాలే. గుజ్జును బట్టలో కట్టి నీరు తీయడం మీద కూడా మీరు ఒక పద్యం రాయాలని కోరుతున్నాను.

దేవరకొండ పంతులు:
అమ్మా, మీ పద్యం కంఠస్థం చేయదగినది. ఒక్క సూచన. "చెలులకు" అనడం వలన కేకు చేసే పని ఆడవారిదే అన్నట్టు అవుతుంది. గద్వాల మిత్రుడు స్వయంగా చేస్తారని ఆయన పద్యాలను బట్టే తెలుస్తున్నది. "చీజు కేకు చేయు చేతికి మాత్రము" అంటే యతి చెడదు, గణాలు చెడవు, అందరూ అందులోకి వస్తారు.

వనపర్తి సోదరి:
పంతులు గారూ, "చేతికి" నిస్సందేహంగా మేలైన పాఠం, ఇక్కడి సంచికకు దానినే ఉంచండి. అయితే ఈ పద్యాన్ని మా బిడ్డకు, ఆమెతో ఆ రాత్రి వంటింట్లో నిలబడిన స్నేహితురాళ్లకు పంపుతున్నాను. వారికి పంపే ప్రతిలో మాత్రం "చెలులకు" అనే ఉంచుకుంటాను.